అటకమీది కెమెరాకు నూనె వేయకండి

సైదాపేట, చెన్నై

చిరంజీవులు మనవడికీ మనవరాలికీ తాతయ్య ఆశీస్సులు.

నిన్న ఫోనులో మీరిద్దరూ ఒకేసారి మాట్లాడినా విషయం అర్థమైంది. బెంగళూరు ఇంటి అటకమీద నానమ్మ కెమెరా దొరికింది. కన్ను పెట్టి చూస్తే అంతా చీకటి. ఫిల్మును ముందుకు జరిపే లీవరు కదలడం లేదు. అడుగున బ్యాటరీ మూత చుట్టూ పచ్చటి పొడి. కుట్టుమిషన్ నూనె రెండు చుక్కలు వేసి లీవరును గట్టిగా లాగుదామా అని అడిగారు. వద్దన్నాను. ఎందుకు వద్దో చెప్పడానికి ఉత్తరమే నయం. పక్కన పెట్టుకుని చదువుతూ పని చేసుకోవచ్చు.

అది పెంటాక్స్ కె1000. 1976లో వచ్చింది, 1997 వరకు తయారైంది. అందులో బ్యాటరీకి ఒకటే పని, వెలుగును కొలిచే ముల్లును కదిలించడం. మిగిలినదంతా స్ప్రింగులతో, పళ్ళ చక్రాలతో నడుస్తుంది. బ్యాటరీ లేకపోయినా ఫొటో తీస్తుంది. అందుకే దానిమీద నాకు అంత నమ్మకం.

ముందుగా ఒక మాట. వెనక తలుపు తెరవకండి. లోపల రీలు ఉండవచ్చు, వెలుగు తగిలితే పాడవుతుంది. నానమ్మ 36 ఫొటోలూ పూర్తయ్యేదాకా రీలు తీసేది కాదు. ఆ కెమెరాలోంచి చివరి రీలు ఎవరైనా తీసినట్టు నాకు గుర్తు లేదు. పైన ఎడమవైపు గుబ్బకు మడత పిడి ఉంటుంది. దాన్ని విప్పి, బాణం గుర్తు చూపే వైపు మెల్లగా తిప్పి చూడండి. ఊరికే గిరగిరా తిరిగితే లోపల ఏమీ లేదు. వేలికి లాగినట్టు తగిలితే రీలు ఉంది, అక్కడే ఆపేయండి.

ఇక చీకటి, కదలని లీవరు. ఇవి రెండు జబ్బులు కావు, ఒకటే అని నా అనుమానం. లెన్స్ నుంచి వచ్చిన వెలుగును ఏటవాలుగా నిలిచిన చిన్న అద్దం పైకి పంపితే మీ కంటికి బొమ్మ కనిపిస్తుంది. ఫొటో తీసే క్షణంలో ఆ అద్దం పైకి లేచి దారి ఇస్తుంది. అది గట్టిగా కొట్టుకోకుండా పైన నల్ల స్పాంజి ముక్క అంటించి ఉంటారు. ఏళ్ళు గడిస్తే ఆ స్పాంజి బెల్లం పాకంలా జిగురైపోతుంది. లేచిన అద్దం దానికి అంటుకుంటే కిందికి రాదు. అద్దం దిగకపోతే లోపలి వరుస ముగియదు, లీవరు కదలదు.

కెమెరా నుంచి లెన్స్ తీసి చూడండి. రీలు ఉన్నా భయం లేదు, దాని ముందుండే షట్టర్ తెర దాన్ని కాపాడుతుంది. అద్దం పైన అంటుకుని ఉంటే, పళ్ళు కుట్టుకునే పుల్లతో దాని అంచు పట్టి నెమ్మదిగా కిందికి దించండి. ముఖం మీద వేలు పెట్టవద్దు, గుడ్డతో తుడవవద్దు. మన గోడ అద్దానికి పూత వెనక ఉంటుంది, దీనికి ముందు ఉంటుంది. ఒక్కసారి గీత పడితే ఇక పోదు. వెనకనున్న గుడ్డ తెరనూ తాకకండి.

అద్దం దిగినా లీవరు రాకపోతే, లెన్స్ మళ్ళీ బిగించి, దానికి మూత పెట్టి ఫొటో మీట నొక్కి చూడండి. షట్టర్ ఇదివరకే బిగించి ఉంటే లీవరు మళ్ళీ కదలదు, అది లోపం కాదు. అప్పటికీ రాకపోతే వదిలేయండి. మౌంట్ రోడ్డు దగ్గర సందులో నేను కెమెరాల రిపేరు పని నేర్చుకునే రోజుల్లో ఇలాగే ఒక లీవరును బలంగా లాగాను. లోపల చక్రం పన్ను విరిగింది. ఆ చక్రం తీసుకోవడానికి అలాంటి పాడైన కెమెరా కోసం, పాత సామాన్లు అమ్మే మూర్ మార్కెట్లో మూడు వారాలు తిరిగాను. ఆ మార్కెట్ 1985లో కాలిపోయింది. ఇప్పుడు పన్ను విరిగితే ఎక్కడ వెతుకుతాం?

నూనె సంగతి. లోపల ఎండి గట్టిపడిన పాత గ్రీజు ఉంటుంది. దాన్ని కడిగి తీయాలి, దానిమీద నూనె పోయకూడదు. నూనె ఒకచోట నిలవదు, పాకుతుంది. తెరకు చేరితే షట్టర్ నెమ్మదిస్తుంది, దుమ్ము పట్టుకుంటుంది.

బ్యాటరీ మూతను రూపాయి బిళ్ళతో తిప్పవచ్చు. పచ్చటి పొడిని వెనిగర్‌లో ముంచి పిండిన దూది పుల్లతో అద్ది, తర్వాత స్పిరిట్‌తో తుడవండి. చుక్క కూడా లోపలికి కారకూడదు. ఈ కెమెరాలో కొలిచే ముల్లుకు స్విచ్చు లేదు. లెన్స్ మూత పెట్టకపోతే బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది. వాడనప్పుడు తీసేయాలి.

లెన్స్‌కు వెనక నుంచి టార్చి వేసి చూడండి. సాలెగూడులాంటి దారాలు కనిపిస్తే అది బూజు. చెన్నైలో ఐప్పసి, కార్తీక మాసాల వానలకు తోలు సంచిలో ఉంచిన ప్రతి లెన్స్‌కూ ఆ బెడద ఉంది. తోలు తేమను పట్టి ఉంచుతుంది. కొత్త బూజును తుడవవచ్చు. పాతదైతే గాజునే తినేస్తుంది, మచ్చ మిగులుతుంది. లెన్స్ లోపలి గాజులను మీరు విడదీయకండి, నేను చూస్తాను.

ఖాళీ కెమెరా అయితే షట్టర్‌ను మీరే పరీక్షించవచ్చు. లెన్స్ తీసి, వెనక తలుపు తెరిచి, తెల్లటి గోడవైపు పెట్టి, ఫోనులో సెకనుకు 240 చిత్రాలతో స్లో మోషన్ వీడియో తీయండి. డయల్ 30 దగ్గర, అంటే సెకనులో ముప్పయ్యో వంతు దగ్గర ఉంటే దాదాపు ఎనిమిది చిత్రాలపాటు వెలుగు కనిపించాలి. పన్నెండు వచ్చిందంటే గ్రీజు ఎండింది. మిగిలిన వేగాల లెక్క మీరే వేసి నాకు రాసి పంపండి.

కెమెరాతోపాటు ఫ్లాష్ ఏదైనా దొరికితే దాన్ని మాత్రం విప్పకండి. ఇది ఆజ్ఞ. బ్యాటరీలు తీసేసినా లోపలి కెపాసిటర్‌లో మూడు వందల వోల్టుల దాకా కరెంటు నిలిచి ఉండవచ్చు.

రీలు ఉంటే చుట్టే పనీ మీరు పెట్టుకోవద్దు. పాత ఫిల్ము పెళుసుగా ఉండి తెగిపోవచ్చు. తెగితే పూర్తి చీకటిలోనే తీయాలి. నా దగ్గర నల్ల సంచీ ఉంది, ఫిల్ము కడిగే డెవలపింగ్ ట్యాంకూ ఉంది. రంగు ఫిల్ము అయితే రంగులు వెలిసిపోయి ఉండవచ్చు, అయినా నలుపు తెలుపులో కడిగితే బొమ్మ దక్కే అవకాశం ఉంది. కారులో ఎండకు పెట్టకుండా, చేతి సంచిలో పెట్టుకుని సంక్రాంతికి తీసుకురండి. మరలు విప్పిన వరుసలోనే పెట్టుకోవడానికి పాత ఇడ్లీ ప్లేటు ఒకటి తోమి పక్కన పెట్టాను.

మీ తాతయ్య