ఫైలు ఢిల్లీలో లేదండీ, మండలంలోనే ఉంది

జడ్పీ హైస్కూల్లో హెచ్ఎంని. జూన్ వచ్చిందంటే నా గదిలో ఏటా ఇవే మాటలు.

అపోహ: "చదువుల శాఖ అంతా ఢిల్లీదే కదా సార్."

వాస్తవం: 1976లో 42వ రాజ్యాంగ సవరణతో విద్య రాష్ట్ర జాబితా నుంచి ఉమ్మడి జాబితాకు మారింది. అయినా బడి రోజువారీ వ్యవహారం రాష్ట్రానిదే. నా జీతం రాష్ట్ర ట్రెజరీ నుంచి వస్తుంది. బదిలీల జీవో, పదో తరగతి పరీక్ష కూడా రాష్ట్రానివే. ఎన్‌సీఈఆర్‌టీ పాఠాల మీద సలహా ఇచ్చే కేంద్ర సంస్థ, ఏ పుస్తకం పెట్టాలో రాష్ట్రం తేల్చుకుంటుంది. ఢిల్లీ పట్టు ఎక్కువగా డబ్బులో ఉంది. 2018 నుంచి నడుస్తున్న సమగ్ర శిక్ష పథకంలో మన తెలుగు రాష్ట్రాలకు కేంద్రం వాటా 60 శాతం, రాష్ట్రానిది 40. కేజీబీవీలు, అంటే ఆడపిల్లల కస్తూర్బా హాస్టల్ బడులు, నడిచేది ఆ పద్దు కిందే.

అపోహ: "టీసీ లేకపోతే గవర్నమెంట్ బడిలోనూ చేర్చుకోరు."

వాస్తవం: పోయిన జూన్‌లో ఓ తండ్రి ఏడో తరగతి పాపను తీసుకుని గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. ఫీజు బాకీ ఉందని ప్రైవేటు బడి టీసీ ఆపిందట. పాప మెడలో ఆ బడి టై ఇంకా అలాగే ఉంది. విద్యాహక్కు చట్టం 5వ సెక్షన్ ప్రకారం టీసీ ఆలస్యమైందని మేం అడ్మిషన్ ఆపకూడదు. అప్పుడే రిజిస్టర్లో పేరు రాశాను.

అసలు టెన్షన్ తర్వాత మొదలైంది. బడి పిల్లల లెక్కంతా ఉండే ప్రభుత్వ ఆన్‌లైన్ పోర్టల్ యూడైస్ ప్లస్‌లో పాప పాత బడి లాగిన్‌లోనే ఉంది. వాళ్లు వదిలితేగానీ మా లెక్కలోకి రాదు. పాప బెంచీ మీద ఉంది, కంప్యూటర్లో లేదు! 2009లో చట్టం రాసినవాళ్లు ఈ చిక్కు ఊహించి ఉండరు. ఎంఈవో (మండల విద్యాధికారి) ఆఫీసుకు నాలుగుసార్లు ఫోన్ చేస్తే కదిలింది.

అపోహ: "ఎనిమిది దాకా అందరూ పాసే."

వాస్తవం: విద్యాహక్కు చట్టానికి 2019లో వచ్చిన సవరణ తర్వాత 5, 8 తరగతుల్లో తప్పినవాళ్లను అదే తరగతిలో ఆపాలా వద్దా అన్నది ప్రభుత్వాల ఇష్టం. ఆపేముందు మళ్లీ పరీక్ష పెట్టాలి. ఆపినా బడి నుంచి పంపేయకూడదు.

అపోహ: "జాతీయ విద్యా విధానం 2020 చట్టం."

వాస్తవం: కాదు. పేరులోనే ఉంది, విధానం.

అపోహ: "స్కూల్ కమిటీ సంతకాలకే."

వాస్తవం: చాలాచోట్ల అంతే, దాచడమెందుకు. విద్యాహక్కు చట్టం మాత్రం కమిటీ సభ్యుల్లో ముప్పావు వంతు తల్లిదండ్రులు, మొత్తంలో సగం మంది ఆడవాళ్లు ఉండాలంటుంది. బడి అభివృద్ధి ప్రణాళిక రాయాల్సింది కూడా వాళ్లే. మొన్నటి మీటింగులో తీర్మానాల పుస్తకం ముందుకు జరిపితే ఒకావిడ పెన్ను పక్కన పెట్టేసింది: "ఆడపిల్లల బాత్రూముల్లో నీళ్లు వచ్చాక పెడతాను సార్."