గ్రాఫింగ్ కాలిక్యులేటర్ ఓఎస్ మార్పు: డెడ్ అయిందని పారేయకండి (అపోహలు – వాస్తవాలు)

హనుమకొండలో ఎలక్ట్రానిక్స్ రిపేరు నా వృత్తి. గ్రాఫులు గీసి చూపే, ప్రోగ్రాములు నడిపే గ్రాఫింగ్ కాలిక్యులేటర్ మన ప్రాంతంలో అడిగినచోటల్లా దొరికే వస్తువు కాదు. అమెరికాలో ఉన్న మేనమామలో అన్నలో వాడి పంపినవి, అక్కడ కొన్నేళ్లు చదివి తిరిగి వచ్చిన పిల్లలు వెంట తెచ్చుకున్నవి మాత్రమే నా బల్ల మీదికి వస్తుంటాయి. అలా తెచ్చినవాళ్లు ఏళ్ల తరబడి చెబుతున్న మాట ఒక్కటే: "ఓఎస్ మార్చబోతే డెడ్ అయింది సార్." ఓఎస్ అంటే ఆ యంత్రాన్ని నడిపే మూల సాఫ్ట్‌వేర్, ఆపరేటింగ్ సిస్టమ్. డెడ్ అయిందన్న మాట నమ్మి బాగున్న పరికరాన్ని మూలన పడేసినవాళ్లనూ, అవసరం లేని రిపేరుకు వేలు పోసినవాళ్లనూ చూసి చూసి ఇది రాస్తున్నాను.

అపోహ: ఓఎస్ ఎక్కుతుండగా మధ్యలో ఆగితే కాలిక్యులేటర్ పోయినట్టే, బోర్డు మార్చాల్సిందే.

మొన్న వేసవిలో జగిత్యాల నుంచి ఒక తండ్రి తన కూతురిని వెంటబెట్టుకుని వచ్చారు. ప్లాస్టిక్ కవర్లో చుట్టిన, టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ (టీఐ) కంపెనీ టీఐ-84 ప్లస్‌ను బల్ల మీద పెట్టి, "వీళ్ల మామ ఇచ్చిండు సార్, కొత్తది కొందామంటే ఇక్కడ దొరకదాయె" అన్నారు. ఆ అమ్మాయి, ఎవరో మార్పులు చేసిన ఓఎస్‌ను ఎక్కిస్తుండగా మామయ్య ఇచ్చిన పాత కేబుల్ పిన్ను వదులై కదిలి, పని సగంలో ఆగిపోయింది. బస్టాండు దగ్గర కొత్త కేబుల్ కొని మళ్లీ పెడితే కంప్యూటర్ అసలు గుర్తే పట్టలేదు. హైదరాబాద్‌లో ఒక రిపేరు షాపులో చూపిస్తే ఐసీ (బోర్డు మీది చిప్పు) పోయిందని, ఆరు వేలు అవుతుందని చెప్పారట. "నేనే ఖరాబు చేసిన సార్" అని ఆ పిల్ల అంటుంటే గొంతు వణికింది.

నేను వెనుక మూత తీసి, నాలుగు సన్న సెల్లుల్లో ఒకదాన్ని బయటికి లాగి, డిలీట్ బటన్‌ను నొక్కి పట్టుకోమని ఆ అమ్మాయికే చెప్పి, సెల్లును తిరిగి పెట్టాను. ఆపరేటింగ్ సిస్టమ్‌ను ఎక్కించమని అడిగే వాక్యం తెర మీద కనబడింది. ఇక వదిలేయవచ్చమ్మా అని చెప్పినా ఆమె బొటనవేలు ఆ బటన్ మీది నుంచి చాలాసేపు లేవలేదు.

ఇందులో నా గొప్పతనం ఏమీ లేదు, ఆ యంత్రం కట్టుబడి అలాంటిది. ఫ్లాష్ మెమరీలో ఓఎస్ ఉండే చోటు వేరు, ఆన్ చేయగానే మొదట నడిచే చిన్న ప్రోగ్రాము, అంటే బూట్ కోడ్ ఉండే చోటు వేరు. మనం ఓఎస్ పంపినప్పుడు దాన్ని అందుకునేది బూట్ కోడే. అది ముందుగా పాత ఓఎస్ చెల్లదని గుర్తు పెట్టుకుంటుంది, తరువాత ముక్కలు ముక్కలుగా వచ్చే కొత్త ఓఎస్‌ను రాసుకుంటుంది, చివర, ఆ ఫైలు కంపెనీదేనని రుజువు చేసే డిజిటల్ సంతకాన్ని సరిచూసుకున్నాకే అది చెల్లుతుందని గుర్తు వేస్తుంది. మధ్యలో కేబుల్ ఊడినా, కరెంటు పోయినా, సెల్లులు అయిపోయినా చెల్లుబాటు గుర్తు పడదు కాబట్టి, సగం రాసిన ఓఎస్ నడవడం మొదలుపెట్టి ఏదో పాడుచేయడమన్నది జరగదు. మళ్లీ పంపేదాకా బూట్ కోడ్ ఎదురుచూస్తూ కూర్చుంటుంది. ఆ స్థితిలో ఉన్న తెరను చూసి డెడ్ అనుకుంటున్నాం.

వేరే మోడల్ ఓఎస్ పంపితే కాలిపోతుందన్న భయం కూడా ఇలాంటిదే. టీఐ-84 ప్లస్ ఓఎస్‌ను టీఐ-83 ప్లస్‌కు పంపితే సంతకం కుదరక అది తిరస్కరిస్తుంది, అంతకుమించి ఏమీ కాదు.

ఇక ఆ బస్టాండు కేబుల్ సంగతి. దాని తొడుగు కోసి చూపిస్తే లోపల ఎరుపు, నలుపు తీగలు రెండే ఉన్నాయి. డేటా తీసుకెళ్లే ఆకుపచ్చ, తెలుపు తీగలు లేనే లేవు. ఛార్జింగ్‌కు మాత్రమే పనికొచ్చే కేబుల్‌తో ఎన్నిసార్లు ప్రయత్నించినా కంప్యూటర్ ఏ కాలిక్యులేటర్‌నూ గుర్తుపట్టదు. నా దగ్గరున్న కేబుల్‌తో కంపెనీ ఓఎస్‌ను పంపితే కాసేపటికి గ్రాఫు గీసింది. ర్యామ్‌లోని ప్రోగ్రాములు పోయాయి, ఫ్లాష్ మెమరీలోని ఆర్కైవ్‌లో దాచుకున్నవి మిగిలాయి. ఆ తండ్రి ఆరు వేలు అప్పు చేసి తెచ్చుకున్నారని తరువాత తెలిసింది. పరికరం విప్పకుండా, సెల్లు తీసి చూడకుండా ఐసీ పోయిందని చెప్పేవాళ్ల మీద నాకున్న కోపం అందుకే.

నిజంగా కాలిక్యులేటర్‌ను చంపేవి వేరే ఉన్నాయి. ఏడాది పాటు అల్మారాలో మరిచిపోయిన సెల్లులు కారి స్ప్రింగులను, బోర్డు మీది రాగి గీతలను తినేయడం వాటిలో మొదటిది. తెరకు పోయే పట్టీని తెలియనివాళ్లు హీట్ గన్‌తో కాల్చడం రెండోది. ఓఎస్‌ను వదిలి బూట్ కోడ్ ఉన్న పేజీనే చెరిపే ప్రయోగాలు మూడోది. బూట్ కోడ్ పోతే డిలీట్ బటన్ నొక్కినా వినేవాడు ఉండడు. అలాంటి ప్రోగ్రామును, దాన్ని రాసినవాళ్ల హెచ్చరిక చదవకుండా నడపవద్దు.

అపోహ: సంతకం తాళం ఎప్పుడో విరిగింది కాబట్టి ఏ మోడల్‌లోనైనా మన ఓఎస్ పెట్టుకోవచ్చు.

విరిగిన మాట నిజం, అన్నింటిదీ కాదు. 1999లో వచ్చిన టీఐ-83 ప్లస్ ఓఎస్ సంతకానికి వాడిన, ఆర్ఎస్ఏ అనే సంకేత పద్ధతి తాళం 512 బిట్ల పొడవున్న ఒక పెద్ద సంఖ్య. దాన్ని కారణాంకాలుగా విడగొట్టగలిగితే కంపెనీ సంతకాన్ని మనమే వేయవచ్చు. అదే ఏడాది ఆగస్టులో అంతే పొడవున్న, 155 అంకెల ఆర్ఎస్ఏ పోటీ సంఖ్యను కారణాంకాలుగా విడగొట్టడానికి పరిశోధకుల బృందం వందల కంప్యూటర్లను నడపవలసి వచ్చింది. పదేళ్లు గడిచాక, 2009లో బెంజమిన్ మూడీ అనే ఔత్సాహికుడు ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్‌తో, రెండు కోర్ల ఇంటి కంప్యూటర్ మీద 73 రోజుల్లో టీఐ-83 ప్లస్ తాళాన్ని విడగొట్టాడు. మిగతా పాత మోడళ్ల తాళాలను ఎందరో కలిసి తమ తమ కంప్యూటర్లను పంచుకుని తీశారు. కంపెనీ లీగల్ నోటీసులు పంపింది, డిజిటల్ హక్కుల సంస్థ ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ ఆ ఔత్సాహికుల తరఫున నిలబడింది. నైట్ఓఎస్ వంటి పూర్తిగా కొత్త ఓఎస్‌లను టీఐ-83 ప్లస్, 84 ప్లస్‌ల మీద సంతకంతో సహా ఎక్కించగలగడం ఆ తాళాలు దొరికినందువల్లనే.

రంగుల తెర మోడళ్లలో తాళం 2048 బిట్లకు పెరిగింది. అది నాలుగు రెట్లు కష్టం అనుకుంటే పొరపాటు, ఇళ్లలోని కంప్యూటర్లన్నీ కలిపినా అయ్యే పని కాదు. కాబట్టి 2015 నాటి టీఐ-84 ప్లస్ సీఈకి "అన్‌లాక్ చేసిన ఓఎస్" అని డబ్బులకు ఫైలు అమ్మేవాడి మాట నమ్మకండి.

అపోహ: కంపెనీ అప్‌డేట్ వచ్చిందంటే వెంటనే చేసుకోవాలి, నచ్చకపోతే వెనక్కి రావచ్చు.

మధ్యలో ఆగిన ఓఎస్‌ను చూసి వణికే పిల్లలు ఈ అప్‌డేట్‌ను మాత్రం ఆలోచించకుండా నొక్కుతారు. 2010లో అదే కంపెనీ మరో మోడల్ టీఐ-ఎన్‌స్పైర్‌కు వచ్చిన 2.1 ఓఎస్ పాతదానికి తిరిగి పోయే దారి మూసేసింది. 2020లో సీఈకి వచ్చిన ఓఎస్‌లో అసెంబ్లీ, సీ భాషల్లో రాసిన ప్రోగ్రాములు నడిపే వీలు తీసేశారు. తరువాత ఔత్సాహికులు ఆర్టిఫైస్ అనే మార్గంతో దాన్ని కొంత తిరిగి తెచ్చారు. 2021లో మరో కాలిక్యులేటర్ కంపెనీ న్యూమ్‌వర్క్స్ ఓఎస్ 16వ వెర్షన్ కూడా బయటివాళ్ల ఓఎస్‌లకు తలుపు వేసింది. పాత ప్రోగ్రాములు కావాలనుకునేవాళ్లు అప్‌డేట్ బటన్ నొక్కేముందు తమ వెర్షన్ నంబరు కాగితం మీద రాసుకుని, కొత్తదానిలో ఏం తీసేశారో చదవాలి. ఇది దాటాక నా చేతిలోనూ ఏమీ ఉండదు.

అపోహ: గేమ్ పెట్టినా ఓఎస్ మారినట్టే.

మారదు. మిరేజ్ఓఎస్ పేరులో ఓఎస్ ఉన్నా అది, సీఈలో సీజియమ్, అసలు ఓఎస్ మీద నడుస్తూ గేమ్‌లను తెరిచిపెట్టే షెల్‌లు మాత్రమే. తీసేస్తే పోతాయి.

అపోహ: ఓఎస్ మారిస్తే పరీక్షల్లో లాభం.

జేఈఈలో, మన ఈఏపీసెట్‌లో కాలిక్యులేటర్‌నే లోపలికి రానివ్వరు. గేట్‌లో తెర మీద ఇచ్చినదే వాడాలి. శాట్ ఇప్పుడు కంప్యూటర్ మీద జరుగుతోంది, గ్రాఫులు గీసే డెస్మోస్ అందులోనే ఉంది. మెమరీ ఖాళీ అయినట్టు నటించే ఓఎస్ పెట్టివ్వమని అడిగేవాళ్లు అప్పుడప్పుడు వస్తుంటారు. ఆ పని నేను చేయను, పట్టుబడితే ఆ పిల్లవాడి ఏడాది పోతుంది.

రిపేరుకు తెచ్చేవాళ్లు సెల్లులు తీసేసి, మీరు వాడిన కేబుల్‌తో సహా తీసుకురండి. పంపబోయిన ఓఎస్ ఫైలును పెన్‌డ్రైవ్‌లో వేసుకుని, ఎంత శాతం దగ్గర ఆగిందో గుర్తుంటే చెప్పండి. ముందుగా కేబుల్‌నే చూస్తాను.