గుర్రం మీద కుదురైన చేతులు, నిటారైన నడుము: అపోహలు - వాస్తవాలు

అజీజ్‌నగర్, గండిపేట వైపు రైడింగ్ నేర్చుకోడానికి ఇప్పుడు పిల్లలే కాదు, ఆఫీసులకెళ్లే పెద్దోళ్లు కూడా వీకెండ్ పొద్దున్నే వచ్చేస్తున్నారు, చాలా సంతోషంగా ఉంటది. నేర్పించేదాన్ని కాబట్టి ప్రతి బ్యాచ్‌లో నాకు వినిపించే మాటలు కొన్ని ఇక్కడ రాస్తున్నా.

అపోహ: చేతులు కుదురుగా ఉండాలంటే బిగబట్టి ఒకేచోట పెట్టుకోవాలి.

వాస్తవం: కాదండీ, చెయ్యి కుదురుగా అనిపించాల్సింది గుర్రం నోటికి. నడకలో, కాంటర్‌లో (అంటే మెల్లటి దౌడులో) దాని తల ముందుకీ వెనక్కీ ఊగుతుంది, మీరు బిగబట్టేస్తే ఊగిన ప్రతిసారీ నోట్లో దెబ్బే, అందుకే మోచేతులు వదులుగా ఉండి ఆ తల వెంట పోవాలి. ట్రాట్‌లో (అంటే నడకకీ దౌడుకీ మధ్య ఉండే చిన్న పరుగులో) దీనికి ఉల్టా, తల దాదాపు నిలకడగా ఉంటుంది, పైకీ కిందకీ పోయేది మనమే, కాబట్టి లేచేటప్పుడు మోచెయ్యి సాగాలి, కూర్చునేటప్పుడు మడవాలి. కళ్లెం ఇనుము ఎక్కడ ఆనుతుందో ఒకసారి సైస్‌ని (గుర్రాన్ని చూసుకునే అతన్ని) చూపించమనండి, ముందు పళ్లకీ వెనక దవడ పళ్లకీ మధ్య ఖాళీలో ఉంటుంది, అక్కడ పల్చటి చర్మం, దాని కింద ఎముకే. అది చూశాక పగ్గం గుంజబుద్ధి కాదు.

అపోహ: చేతులు ఎగురుతున్నాయంటే ప్రాబ్లం చేతుల్లోనే.

వాస్తవం: నూటికి తొంభైసార్లు ప్రాబ్లం నడుములో, మోకాళ్లలో ఉంటుంది. భయంతో మోకాళ్లు జీనుకి బిగిస్తారు, దాంతో సీటు (జీను మీద మనం ఆనే భాగం) పైకి లేస్తుంది, కింద కాలు వెనక్కి జారుతుంది, ఇంక బ్యాలెన్స్ కోసం పగ్గాలే దిక్కు. పక్కనుంచి ఎవరితోనైనా ఫోన్‌లో వీడియో తీయించుకోండి, చెవి, భుజం, తుంటి, మడమ ఒకే నిలువు గీతలో ఉన్నాయా, మోచేతి నుంచి కళ్లెం దాకా ఇంకో గీత నేరుగా పోతుందా చూడండి. ఇంకోటి, గుర్రం మెడకి ఒక పట్టీ కట్టించి చిటికెన వేళ్లు అందులో దూర్చి ట్రాట్ చెయ్యండి, పట్టీ టక్‌టక్‌మని గుంజుతుంటే మీ చేతులు ఒంటితో పాటు లేస్తున్నట్టే. సరిచేయడానికి టీచర్ పొడవాటి తాడు పట్టుకుని గుండ్రంగా తిప్పుతుంటే పగ్గాలు వదిలేసి కూర్చోడం కన్నా మంచి ప్రాక్టీస్ నాకు తెలీదు.

2023లో హాంగ్‌జౌ ఏషియన్ గేమ్స్‌లో మనోళ్లు డ్రెసాజ్‌లో (గుర్రంతో పద్ధతిగా అడుగులు వేయించే పోటీలో) టీమ్ గోల్డ్ కొట్టారు, అనుష్ అగర్వల్లాకి సింగిల్స్‌లో కూడా బ్రాంజ్ వచ్చింది. ఆ వీడియోలు చూసేటప్పుడు చేతుల్ని వదిలేసి వాళ్ల నడుము, మోచేతులు చూడండి, అంతా అక్కడే ఉంది.

అపోహ: నిటారుగా అంటే ఛాతీ బయటికి పెట్టాలి.

వాస్తవం: పరేడ్‌లో అటెన్షన్‌లో నిలబడ్డట్టు కూర్చుంటే నడుము బిగుసుకుపోయి సీటు ఎగురుతుంది. ఊపిరి వదలండి, చూపు ముందుకి పెట్టండి. కిందకి చూస్తే నాలుగైదు కిలోల తల ముందుకి వాలి భుజాల్ని కూడా లాగేస్తుంది.

అపోహ: గుర్రం స్పీడ్ అయితే రెండు చేతులతో గట్టిగా లాగాలి.

వాస్తవం: ఇది నిజంగా ప్రమాదం. స్కూల్ గుర్రాల్లో రేసుల నుంచి రిటైర్ అయిన థరోబ్రెడ్లు (రేసుల కోసం పెంచే జాతి గుర్రాలు) చాలా ఉంటాయి, పగ్గం మీద బరువు ఆనించి పరిగెత్తడమే వాటికి అలవాటు, మీరు లాగేకొద్దీ ఇంకా ఆనుకుని పోతాయి. నడుము నిలబెట్టి, ఉంగరం వేళ్లు బిగించి వెంటనే వదలండి, మళ్లీ బిగించి వదలండి, తగ్గకపోతే పెద్ద సర్కిల్‌లోకి తిప్పి మెల్లగా ఆ సర్కిల్ చిన్నది చేసుకుంటూ రండి.