ఎర్రనీళ్లలో ఎరుపు ఎక్కడిది?

చిన్నారులకు ఆశీస్సులు.

హారతికి పసుపునీళ్లలో చిటికెడు సున్నం కలపగానే ఎర్రబడతాయి కదా. పసుపులో ఎరుపు లేదు, సున్నంలోనూ లేదు. మరి ఆ రంగు ఎక్కడిది?

పసుపుకు రంగునిచ్చే కుర్‌కుమిన్ అణువులో జంట బంధాలు ఒకటి విడిచి ఒకటి వరసగా ఉంటాయి. వాటి మీద పరుచుకున్న ఎలక్ట్రాన్ పై మెట్టు ఎక్కాలంటే సుమారు 2.9 ఎలక్ట్రాన్ వోల్టుల (అణువుల స్థాయిలో శక్తిని కొలిచే ప్రమాణం) శక్తి కావాలి. 425 నానోమీటర్ల నీలం-ఊదా కాంతి కణంలో అంత శక్తి ఉంటుంది, ఎరుపు కణంలో ఉండదు. అందుకే అణువు నీలాన్ని పీల్చుకుని తక్కిన రంగుల్ని వదిలేస్తుంది. ఆ మిగిలిన వెలుగే మనకు పసుపుపచ్చగా కనిపిస్తుంది. సున్నం ఆ కుర్‌కుమిన్ అణువు నుంచి ప్రోటాన్లను లాగేస్తే మెట్టు ఎత్తు తగ్గి, ఆకుపచ్చలో కొంత కూడా పోతుంది. అప్పుడు మిగిలేది ఎరుపు.

మెట్టు అన్నానని ఒక్క సన్నటి గీతే వస్తుందనుకోకండి. అణువు అదురుతూ ఉంటుంది, చుట్టూ ద్రావణి తోస్తూ ఉంటుంది. అందుకే ఏ రంగు వెలుగును ఎంత పీల్చుకుందో గీసిన గ్రాఫు మీద 425 దగ్గర కొసతో వెడల్పాటి గుట్ట వస్తుంది.

పసుపు నాణ్యత కొలిచేదీ అక్కడే. 0.1 గ్రాము పొడిని 30 మిల్లీలీటర్ల ఇథనాల్‌లో రెండున్నర గంటలు రిఫ్లక్స్ చేస్తారు, అంటే ఆవిరి చల్లబడి తిరిగి అందులోకే కారేలా మరిగిస్తారు (ఇథనాల్ అంటుకుంటుంది, మంట దగ్గరికి రానివ్వకూడదు). చల్లార్చి, వడపోసి, 100 మిల్లీలీటర్లకు నింపుతారు. అందులో 20 తీసి 250కి పలచన చేస్తారు. ముందు ఉత్త ఇథనాల్‌తో స్పెక్ట్రోఫోటోమీటర్‌ను (ద్రావణం ఎంత వెలుగు పీల్చుకుందో కొలిచే పరికరాన్ని) సున్నాకు తెచ్చి, తర్వాత ఒక సెంటీమీటరు క్యూవెట్‌లో (పారదర్శకమైన చిన్న గిన్నెలో) ద్రావణం పెడతారు. పరికరం చూపే అంకె పేరు అబ్జార్బెన్స్; అది ఒకటి పెరిగితే దాటే వెలుగు పదో వంతుకు పడిపోతుంది. 3 శాతం కుర్‌కుమిన్ ఉన్న పొడికి అది 0.39 దగ్గర వస్తుంది, అంటే వెలుగులో సుమారు 41 శాతం ఆవలికి దాటింది.

పలచన చేయకపోతే? లెక్క ప్రకారం 4.8 రావాలి. అంటే అరవై వేల కణాల్లో ఒకటి కూడా దాటదు. పరికరంలో అటూఇటూ చెదిరే దొంగవెలుగు దానికంటే ఎక్కువ, కాబట్టి అంకె తక్కువగా చూపిస్తుంది. వడపోత సరిగా లేక మసక మిగిలినా, క్యూవెట్ మీద వేలిముద్ర పడినా అంకె పెరుగుతుంది. వెలుతురులో వదిలేస్తే కుర్‌కుమిన్ చెడి తగ్గుతుంది.

అన్నిటికంటే నాకు బెంగ కల్తీ గురించే. మెటానిల్ ఎల్లో అనే రంగు కూడా దాదాపు అక్కడే పీల్చుకుంటుంది. యంత్రం దాన్ని కుర్‌కుమిన్ ఖాతాలో కలిపేస్తుంది, పాడు పసుపు మేలైనదిగా లెక్కకు వస్తుంది. అందుకే లాబ్‌లో విడిగా గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లం చుక్కలు వేసి చూస్తారు. గులాబీ రంగు వస్తే నీళ్లు పోస్తారు. పోయిందంటే అది పసుపుదే, పోకుండా నిలిచిందంటే కల్తీ రంగు.

మీ తాతయ్య