తెచ్చుకున్న పది ఎప్పుడు తిరిగిస్తాం?

చిట్టికి, పెద్దోడికి తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఫోన్‌లో చిట్టి ఒక ప్రశ్న అడిగింది. "52లోంచి 27 తీసేయాలంటే పక్కనున్న 5 దగ్గర అప్పు తెచ్చుకోమన్నారు. మరి ఆ అప్పు ఎప్పుడు తీరుస్తాం తాతయ్యా?" అని. నేను నవ్వేసి ఊరుకున్నాను. ఆ తర్వాత సిగ్గేసింది. చిన్నప్పుడు నాకూ ఇదే అనుమానం వచ్చింది. అడిగితే మా మాస్టారు చెవి మెలిపెట్టి "చెప్పింది చెయ్యి" అన్నారు. అప్పట్నుంచీ అప్పులు తెచ్చుకోవడమే తప్ప తీర్చింది లేదు.

అసలు అది అప్పే కాదు చిట్టీ. పదేసి పుల్లలతో కట్టిన కట్టలు ఐదు, విడిగా రెండు పుల్లలు నీ దగ్గర ఉన్నాయనుకో. అదే 52. అందులోంచి ఏడు విడి పుల్లలు తీయాలి, ఉన్నవేమో రెండే. అప్పుడేం చేస్తావు? ఒక కట్ట విప్పుతావు. ఇప్పుడు నాలుగు కట్టలు, పన్నెండు విడి పుల్లలు. లెక్కపెట్టి చూడు, మొత్తం 52కి ఒక్కటి కూడా పెరగలేదు, తరగలేదు. పన్నెండులోంచి ఏడు పోతే ఐదు, నాలుగు కట్టల్లోంచి రెండు పోతే రెండు. 25. ఎవరి దగ్గరా ఏమీ తేలేదు కాబట్టి తిరిగిచ్చే పనే లేదు. నీ కట్ట నువ్వే విప్పుకున్నావు, అంతే. దీనికి 'అప్పు' అని పేరు పెట్టినవాళ్లెవరో గానీ, పిల్లల్ని బాగానే తికమక పెట్టారు.

ఈ కిటుకంతా అంకె నిలబడ్డ చోటులో ఉంది. 5 అనే గుర్తు 52లో ఉంటే యాభై, 25లో ఉంటే ఉత్త ఐదు, 520లో ఉంటే ఐదు వందలు. గుర్తు మారలేదు, చోటు మారింది. పాత రోమన్ అంకెలకు ఈ పద్ధతి లేదు. వాటితో 38 రాయాలంటే ఏడు గుర్తులు వరసగా పేర్చాలి. మనకు రెండు చాలు. అయితే ఒక చోట ఏమీ లేకపోతే? 502లో పదుల కట్టలు లేవు. ఆ చోటు ఖాళీగా వదిలేస్తే చూసేవాళ్లు 52 అనుకుంటారు. అందుకే అక్కడ సున్నాను కాపలా పెడతాం. సున్నాను మామూలు సంఖ్యలాగే చూసి, దాన్ని కూడితే ఎంత, తీసేస్తే ఎంత అని నియమాలు రాసినవాడు బ్రహ్మగుప్తుడు. క్రీ.శ. 628లో రాశాడు. సున్నాతో భాగించడం గురించి కూడా ఏదో చెప్పాడు గానీ అది ఇప్పటి గణితం ఒప్పుకోదు. అంతటివాడికే అక్కడ కాలు జారింది. కాబట్టి తీసివేతలో రెండు మార్కులు పోయాయని టెన్షన్ పడకు.

పెద్దోడా, నీ సంగతికొస్తాను. మూడో వంతు కన్నా నాలుగో వంతు పెద్దదని రాశావట. మూడు కన్నా నాలుగు పెద్దదే, కాదనను. కానీ భిన్నంలో గీత కింద ఉన్న అంకె ఎన్ని ముక్కలు కోశారో చెబుతుంది. ఎక్కువ ముక్కలు కోస్తే ముక్క చిన్నదవుతుంది. తెలుగులో చదువుకుంటే ఇది తప్పడం కష్టం. "నాలుగింట ఒకటి", "మూడింట ఒకటి" అని పైకి చదివి చూడు.

అక్షరాల దగ్గరా ఇలాంటి తమాషాలే. 'మెడ' మీద గుర్తు కాస్త సాగితే 'మేడ' అవుతుంది. 'గడి' కింద ఒక ఒత్తు చేరితే 'గడ్డి' అవుతుంది. కానీ మాటల దగ్గరకొచ్చేసరికి తెలుగు ఈ చోటు సూత్రాన్ని పక్కన పెట్టేస్తుంది. "పాము కప్పను మింగింది" అను. "కప్పను పాము మింగింది" అను. "మింగింది పాము, కప్పను" అన్నా సరే, పాపం కప్పకే ముప్పు. ఎందుకంటే 'కప్ప'కు తగిలించిన ఆ చిన్న 'ను' ఎక్కడికి వెళ్లినా తన పని తాను చేస్తుంది. ఇంగ్లిష్‌లో అలా కుదరదు. అక్కడ స్నేక్ ముందుండాలి, ఫ్రాగ్ వెనకుండాలి. రెండూ చోట్లు మార్చుకుంటే కప్పే పామును మింగేస్తుంది! ఇంగ్లిష్ టీచర్ మాటల వరస గురించి అంత పట్టుబట్టేది అందుకే. పై తరగతుల్లో ఆ 'ను'ను విభక్తి అంటారు. పేరు చూసి భయపడకండి, అది ఈ కప్ప కథే.

మ్యాప్ గురించి ఒక్క మాట. ఉత్తరం ఎప్పుడూ పైనే ఉండాలన్న రూలు ప్రకృతిలో లేదు, మనం పెట్టుకున్నదే. 1154లో అల్ ఇద్రీసీ అనే ఆయన గీసిన ప్రపంచ పటంలో దక్షిణం పైన ఉంటుంది. ఇంకోటి, సూర్యుడు రోజూ సరిగ్గా తూర్పునే ఉదయించడు. అలా జరిగేది ఏడాదిలో రెండుసార్లే, మార్చి 20, సెప్టెంబరు 22 ప్రాంతాల్లో. మిగతా రోజుల్లో కాస్త ఉత్తరానికో దక్షిణానికో జరిగి వస్తాడు. పరీక్షలో మాత్రం తూర్పు అనే రాయండి.

తడి దూదిలో చిక్కుడు గింజ మొలకెత్తించమన్నారని చెప్పారు కదా. ఒకటి కాదు, మూడు పెట్టండి. ఒకటి నిలువుగా, ఒకటి అడ్డంగా, ఒకటి తలకిందులుగా. గాజు గ్లాసు లోపలి గోడకు, దూదికి మధ్య ఇరికిస్తే బయటికి కనిపిస్తాయి. ఎలా పెట్టినా వేరు వంకర తిరిగి కిందికే వెళ్తుంది. వేరు కొసన ఉండే కణాల్లో బరువైన పిండి రేణువులుంటాయి. అవి ఎటు జారితే వేరు అటే కింద అనుకుంటుంది. వేరు కాస్త పొడవయ్యాక గ్లాసును పక్కకు పడుకోబెట్టి ఒక రోజు వదిలేయండి. ఏమైందో బొమ్మ గీసి పంపండి. చిట్టీ, దూది ఆరిపోకుండా చూసే డ్యూటీ నీది, అన్నయ్య మరిచిపోతాడు.

మీ తాతయ్య