నేపాళం నూనె, చిట్టెలుక వీపు, ఏడో క్రోమోజోము

"సార్, క్రోమోజోములు చెడితే క్యాన్సర్ వస్తుందా, క్యాన్సర్ వచ్చాక క్రోమోజోములు చెడతాయా?" తిరుపతిలో డిగ్రీ చదివే ఒక అమ్మాయి అడిగింది. ప్రాక్టికల్స్‌లో ఉల్లి వేరు కొన నలిపి స్లైడు చేస్తుంటే వచ్చిన సందేహమట. కణవిభజన దశల పేర్లు బట్టీ పట్టించి వదిలేసే మన చదువుల్లో ఇలాంటి ప్రశ్న పుడితే నాకు పండగే.

క్రోమోజోముల లెక్క తప్పిన కణమే కణితికి మూలమని 1914లోనే జర్మనీలో బొవేరి అనే జీవశాస్త్రవేత్త అన్నాడు. మనిషిలో దాన్ని తేల్చడం కష్టం. కణితి బయటపడేసరికి అది ఎప్పుడు మొదలైందో ఎవరికీ తెలియదు. ప్రయోగశాల చిట్టెలుక విషయంలో రసాయనం పూసిన రోజు కూడా తెలుసు.

వీపు మీద బొచ్చు గొరిగి డీఎంబీఏ అనే రసాయనం ఒక్కసారి పూస్తారు. ఆపై వారానికి రెండుసార్లు టీపీఏ. ఈ టీపీఏ నేపాళం గింజల నూనెలోది. అవును, నాటువైద్యంలో విరేచనాలకు ఇచ్చే నేపాళమే! కొన్ని వారాలకు పులిపిర్లలాంటివి లేస్తాయి, వాటిలో కొన్ని తర్వాత క్యాన్సర్ అవుతాయి. వరస తిరగేసి ముందు టీపీఏ, తర్వాత డీఎంబీఏ పూస్తే అలా లేవవు. రెండింటికీ మధ్య నెలలు గడిచినా సరే, మొదటి పూత గుర్తు చెరగదు.

ఆ గుర్తు ఏమిటి? తిరుమల పోటులో లడ్డూకి దిట్టం, అంటే ఏది ఎంత వేయాలో చెప్పే లెక్క, ఉన్నట్టే కణానికీ దిట్టం పుస్తకాలున్నాయి. అవే క్రోమోజోములు. చిట్టెలుకకు 40, అంటే 20 జతలు. ప్రతి జతలో ఒకటి తల్లిది, ఒకటి తండ్రిది. ఏడో పుస్తకంలో కణాన్ని పెరగమని చెప్పే హెచ్-రాస్ అనే జన్యువు ఉంది. అందులో "పాకం రాగానే దించు" లాంటి మాట ఒకటుంది. డీఎంబీఏ దెబ్బకు 61వ కోడాన్‌లో, అంటే 61వ మూడక్షరాల మాటలో, నడిమి 'ఏ' అక్షరం 'టీ' అవుతుంది, ప్రోటీన్‌లో గ్లుటమిన్ అనే అమైనో ఆమ్లం స్థానంలో ల్యూసిన్ అనే మరొకటి వస్తుంది. ఆ గ్లుటమిన్ లేనిదే రాస్ ప్రోటీన్ తనను పనిలో ఉంచే జీటీపీ అనే అణువును విడగొట్టి తనను తాను ఆపుకోలేదు. దించమనే మాట చెరిగిపోయింది.

అయినా జతలో రెండో పుస్తకం బాగానే ఉంది. ఇప్పుడు టీపీఏ తొందరపెడుతుంది: విభజించు, ఇంకా విభజించు. ఆ హడావిడిలో ఎప్పుడో ఒకసారి పంపకం తప్పి ఒక పిల్ల కణానికి ఏడో పుస్తకాలు మూడు చేరతాయి. ఈ పులిపిర్లను పరీక్షిస్తే ఆ మూడింటిలో రెండు చెరిగినవే! రసాయనం ఏరి ఏరి ఆ పుస్తకాన్నే పెంచిందా? లేదు. మంచి పుస్తకమూ ఎక్కడో రెండై ఉంటుంది, కానీ ఆ కణానికి దానివల్ల లాభం లేదు. చెరిగినవి రెండున్న కణం మిగతావాటిని దాటేసి పెరుగుతుంది, మనకు అదే కనిపిస్తుంది. ముదిరిన కొన్ని కణితుల్లో మంచి పుస్తకం పూర్తిగా పోతుంది కూడా.

క్యాన్సర్‌ని పూర్వజన్మ పాపమని మా చిత్తూరు వైపు ఇప్పటికీ అంటారు. ఆ మాట రోగిని రోగం కన్నా ముందే కుంగదీస్తుంది. ఈ చిట్టెలుక ఏ పాపం చేసింది?

ఈ క్రోమోజోములను లెక్కపెట్టడానికి సాయపడే మందు కాల్చిసిన్. వానాకాలంలో మన కంచెల మీద మంటల్లా పూసే అడవినాభి దుంపలో, గింజలో ఉండే విషమే అది. క్రోమోజోములను చెరోవైపు లాగే పోగులను అది కట్టనివ్వదు, విభజన నడిమధ్యలో ఆగిపోతుంది. తర్వాత పలుచని ఉప్పునీళ్లలో కణాన్ని ఉబ్బించి, చుక్కను పైనుంచి స్లైడు మీద వదిలితే క్రోమోజోములు విడివిడిగా పరుచుకుంటాయి. చిట్టెలుకవన్నీ పుల్లల్లా ఒకే తీరుగా ఉంటాయి. 1970ల మొదట్లో క్రోమోజోముల మీద చారలు చూపించే రంగులు వచ్చాకే ఏడోది ఏదో, ఆరోది ఏదో చెప్పగలిగారు.

కాబట్టి అమ్మా, ఈ చర్మం కణితిలో ముందు అక్షరం చెడింది, తర్వాత లెక్క తప్పింది. అన్నిచోట్లా ఇంతేననుకోకు. బాల్బ్-సీ జాతి చిట్టెలుక పొట్టలోకి ప్రిస్టేన్ అనే నూనె ఎక్కిస్తే, యాంటీబాడీలు తయారుచేసే ప్లాస్మా కణాల కణితి వస్తుంది. అక్కడ 12, 15 క్రోమోజోములు తెగి ముక్కలు మార్చుకుంటాయి. కణం పెరుగుదలను నడిపే మిక్ జన్యువు యాంటీబాడీ జన్యువు పక్కన చేరి, దాని ఊపుకు ఆగకుండా పనిచేస్తుంది.