బొమ్మ మూస్తే ఆగిపోయిన చదువు: కొన్ని అపోహలు, వాస్తవాలు

ఆదోని ప్రాంతంలో పద్దెనిమిదేళ్లుగా ప్రాథమిక పాఠశాల పిల్లలకు చదవడం, రాయడం నేర్పుతున్నాను. చదువు గురించి బస్సులోనూ రచ్చబండ దగ్గరా తల్లిదండ్రుల సమావేశాల్లోనూ వినే మాటల్లో, పిల్లలకు నిజంగా చేటు చేస్తున్న వాటిని ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: బడిలో చేరితే చదువు వచ్చినట్టే.

వాస్తవం: చేర్పించే పని మన దేశంలో చాలావరకు పూర్తయింది. గ్రామాల్లో ఇంటింటికీ వెళ్లి పిల్లల చదువు స్థాయిని చూసే అసర్ సర్వే 2024 ప్రకారం గ్రామాల్లో 6 నుంచి 14 ఏళ్ల పిల్లల్లో 98 శాతం మంది పేర్లు ఏదో ఒక బడిలో ఉన్నాయి. అదే సర్వేలో, రెండో తరగతి స్థాయి పాఠం చదవగలిగిన ఐదో తరగతి పిల్లలు సగానికన్నా కాస్త తక్కువే.

ఈ అంకె ఎలా ఉంటుందో నేను కళ్లారా చూశాను. నాలుగో తరగతి అమ్మాయి ఒకతె వాచకంలో పాఠం గడగడా చదివేసింది. వేలు కూడా అక్షరాల మీదే నడుస్తోంది. అనుమానం వచ్చి, ఇంకా చెప్పని పాఠం తీసి, బొమ్మ మీద అరచెయ్యి పెట్టి చదవమన్నాను. గొంతు ఆగిపోయింది. పలక మీద ‘అమ్మ’ అని రాస్తే చదివింది. ‘తమ్ముడు’ అని రాస్తే ‘తముడు’ అంది. ‘అమ్మ’ అనే మాటను ఆ పిల్ల చదవలేదు, బొమ్మలా గుర్తుపట్టింది. గుణింతాలు వచ్చు, ఒత్తులు రావు. త, న, మ, య, ర, ల ఒత్తులకు అసలు అక్షరంతో పోలికే ఉండదు. అందుకే చాలామంది పిల్లలు సరిగ్గా అక్కడే చిక్కుకుపోతారు. మూడేళ్లుగా అందరితో గొంతు కలిపి చదివింది కాబట్టి ఆ సంగతి ఎవరికీ తెలియలేదు.

అపోహ: వెనకబడిన పిల్లలు వింటూ వింటూ వాళ్లే అందుకుంటారు.

వాస్తవం: అందుకోరు. పాఠ్యప్రణాళిక ముందుకు పోతుంది, పిల్లవాడు ఉన్నచోటే ఉంటాడు. రోజుకో గంట ఎవరు ఏ తరగతి అన్నది పక్కన పెట్టి, ఎవరికి ఎంత వచ్చో చూసి గుంపులు చేసి నేర్పాలి: అక్షరాల దగ్గరున్నవారు, పదాల దగ్గరున్నవారు, వాక్యాలు చదివేవారు, కథ చదివేవారు. ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ చేపట్టిన ఈ పద్ధతిని, 2019లో నోబెల్ అందుకున్న ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో ఏళ్ల తరబడి పరీక్షించి మంచి ఫలితాలు చూశారు. ఐదో తరగతి అబ్బాయి మూడో తరగతి వాళ్ల పక్కన కూర్చోవడానికి చిన్నబుచ్చుకుంటాడు, నిజమే. మా బడిలో గుంపులకు చెట్ల పేర్లు పెట్టాం. వేప గుంపులో ఉన్నానని చెప్పుకోవడానికి ఎవరూ సిగ్గుపడలేదు.

అపోహ: కొత్త పుస్తకాలు, ట్యాబులు ఇస్తే చాలు.

వాస్తవం: కెన్యా గ్రామాల్లో పరిశోధకులు పాఠ్యపుస్తకాలు పంచి చూశారు. అప్పటికే బాగా చదివే పిల్లలకే అవి పనికొచ్చాయి. ఆ పుస్తకాలు ఇంగ్లీషులో ఉన్నాయి, అది చాలామంది పిల్లలకు మూడో భాష. ఆ దేశంలోనే నులిపురుగుల మందు వేసిన బడుల్లో మాత్రం గైర్హాజరు దాదాపు నాలుగో వంతు తగ్గింది.

అపోహ: ప్రైవేటు బడికి పంపితే తెలుగు, లెక్కలు బాగా వస్తాయి.

వాస్తవం: ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 180 గ్రామాల్లో లాటరీ తీసి, కొందరు పిల్లలను ఫీజు కట్టి ప్రైవేటు బడుల్లో చేర్పించి నాలుగేళ్లు గమనించారు. తెలుగులోనూ లెక్కల్లోనూ తేడా కనబడలేదు, హిందీలో మాత్రం వాళ్లు మెరుగయ్యారు. ఆ బడులు పిల్లవాడి మీద పెట్టే ఖర్చు ప్రభుత్వ బడి ఖర్చులో మూడో వంతు కూడా లేదు. ప్రభుత్వ ఉపాధ్యాయురాలిగా ఆ మాట నేను దాచను. దాన్ని మేము జవాబు చెప్పుకోవలసిన ప్రశ్నగానే తీసుకుంటాను.

అపోహ: పేదలకు పిల్లల చదువు మీద పట్టింపు లేదు.

వాస్తవం: ఇది అన్నిటికన్నా అన్యాయమైన మాట. రంగారెడ్డి జిల్లాలో ఎం.వి. ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థ 1991 నుంచి శిబిరాలు పెట్టి, పనుల్లో ఉన్న పిల్లలను బడిబాట పట్టించింది. పంపినవాళ్లు కూలి చేసుకునే తల్లిదండ్రులే. ఆ కృషికి దాన్ని నడిపించిన శాంతా సిన్హాకు 2003లో మెగసెసే అవార్డు వచ్చింది.

మా వైపు కోసిగి, మంత్రాలయం పల్లెల నుంచి కుటుంబాలు దీపావళి దాటాక పత్తికీ మిరపకాయల కోతకూ గుంటూరు వైపు వెళ్తాయి. వలస వెళ్లేవారి పిల్లల కోసం పెట్టే సీజనల్ హాస్టల్ ఉన్నచోట కొందరు పిల్లలు ఊళ్లోనే ఆగుతారు, మిగిలినవారు వెంట వెళ్తారు. ఒక తండ్రి అక్కడి బడికి కూతురిని తీసుకెళ్తే, టీసీ (పాత బడి ఇచ్చే బదిలీ పత్రం) లేదని తిప్పి పంపారట. విద్యాహక్కు చట్టం 5వ సెక్షన్ ప్రకారం టీసీ ఆలస్యమైందని చేర్చుకోకుండా ఉండకూడదు. 4వ సెక్షన్ ప్రకారం వయసుకు తగ్గ తరగతిలో చేర్చుకుని, వెనకబడినది ప్రత్యేక శిక్షణతో పూడ్చాలి. ఆ తండ్రికి ఈ రెండూ ఎవరూ చెప్పలేదు.

ఉగాది తర్వాత ఆయన తిరిగొచ్చి, గోనెసంచిలోంచి పాత చీరలో చుట్టిన పలక తీశాడు. లారీల్లో ఎక్కి దిగిన నాలుగు నెలల్లో అది పగలకుండా చూసుకున్నాడు. మూల మీద బలపంతో రాసిన పాప పేరు సగం చెరిగి ఉంది. ఆ మధ్యాహ్నమే పాపను పదాల గుంపులో కూర్చోబెట్టాను.